కడిగిన గుడ్డుకు నిలువ తక్కువ: నాటు సరుకు కొనేటప్పుడు చూడవలసినవి

సింగరాయకొండ: నాటుకోడి గుడ్ల సరుకులో తరుగు వచ్చినప్పుడు ఎండను, రవాణాను తప్పుపట్టడం పరిపాటి. ఆ రెండూ కారణాలే. అయితే వర్తకుల దృష్టికి అంతగా రాని మూడవ కారణం ఒకటున్నది. పేడ, మట్టి అంటిన గుడ్లను చూపుకు బాగుండాలని చన్నీళ్లతో కడిగి గంపకెత్తడమే అది. కడిగిన గుడ్డు కొన్ననాడు మొదటి రకంగా చెల్లుతుంది. చెడేది నాలుగు చేతులు మారిన తరువాత. నష్టం మాత్రం చివర సరుకు ఎవరి వద్ద ఉంటే వారిది.

ఫారం గుడ్లకు 1982లో ఏర్పడిన ‘నెక్’ సంస్థ 100 గుడ్ల లెక్కన ధరలు ప్రకటిస్తున్నది. ఇంటి పెరళ్లలో పెట్టిన నాటు గుడ్ల బేరం మాత్రం సరుకును కంటితో చూసి సాగేది. అందువల్ల ఏమి చూడాలన్నది తెలిసి ఉండడం అవసరం.

పైపొర విలువ

గుడ్డు పెంకుకు కంటికి కనిపించని రంధ్రాలు వేల సంఖ్యలో ఉంటాయి. కోడి గుడ్డు పెట్టేటప్పుడు దానిపై ఉండే తడి కొద్ది నిమిషాలలో ఆరి, పలుచని పొరగా ఏర్పడి ఈ రంధ్రాలను మూస్తుంది. లోపలి తేమ బయటకు పోకుండా, బయటి క్రిములు లోనికి రాకుండా కాపాడేది ఈ పొరే. కడిగితే ఇది పోతుంది. పైగా నీరు గుడ్డుకంటె చల్లగా ఉంటే లోపలి పదార్థం ముడుచుకొని, మురికి నీటిని రంధ్రాల గుండా లోనికి లాగుకుంటుంది. నీరు చల్లిన మిర్చి తూకానికి బాగున్నా గోదాములో బూజు పడుతుంది గదా. కడిగిన గుడ్డు సంగతీ అంతే.

అమెరికాలో గుడ్లను కడిగే అమ్ముతారు గదా అని అడగవచ్చు. అక్కడ వేడి నీటితో యంత్రాల మీద కడిగి, వెంటనే ఆరబెట్టి, 7 డిగ్రీల సెల్సియస్‌కు మించని చలిలో ఉంచుతారు. ఆ చలి అమ్మకం వరకు తెగదు. ఐరోపా దేశాలలో సామాన్యంగా ‘ఏ’ రకం గుడ్లను కడగరాదని నిబంధన. పెట్టిన నాటినుండి 28 రోజుల గడువు ఇస్తారు. చలి ఏర్పాటు లేని మన పల్లె సరుకుకు రెండవ పద్ధతే దారి.

మురికి అంటితే

కొద్దిపాటి మురికిని పొడిగుడ్డతోగాని, నునుపైన గరుకు కాగితంతోగాని తేలికగా తుడిస్తే చాలును. బాగా మురికిపడిన వాటిని వేరుచేసి, తక్కువ ధరకు వెంటనే వాడకానికి అమ్మడం మేలు. కడగక తప్పనప్పుడు నీరు గుడ్డుకంటె 11 డిగ్రీలయినా వెచ్చగా ఉండవలె. నానబెట్టరాదు. వెంటనే తుడిచి ఆరబెట్టవలె. గూటిలో గడ్డి మార్చి, రోజుకు రెండుసార్లు గుడ్లు తీసే ఇంటి సరుకుకు ఈ బాధే ఉండదు.

వేసవి, వానలు

నాటు సరుకులో మరొక చిక్కు ఉన్నది. పుంజు తిరిగే పెరటిలో పెట్టిన గుడ్డులో జీవం ఉంటుంది. వేడి 27 డిగ్రీలు దాటితే అది ఎదగనారంభిస్తుంది. రోహిణి కార్తె ఎండలలో మూడు రోజులకే లోపల నెత్తుటి చారలు కనిపించవచ్చు. పుంజులేని ఫారం గుడ్డుకు ఈ భయం లేదు. కనుక వేసవిలో నాటు సరుకును రెండు రోజులకు మించి పల్లెలో ఆపరాదు. ఈశాన్య రుతుపవనాల రోజులలో బాధ వేరు. తడిసిన ఊకలో, గడ్డిలో పెట్టిన గుడ్లకు బూజు పడుతుంది.

నిలువకు 10 నుండి 13 డిగ్రీల చల్లదనం అనుకూలం. గుడ్డును లావు కొన పైకి ఉండేలా పేర్చవలె. చలిలో పెట్టిన సరుకును బయటకు తీస్తే చెమ్మ పడుతుంది. మళ్లీ లోపల పెట్టకుండా అమ్మివేయవలె. గుడ్డు వాసనలను పీల్చుకుంటుంది. కాబట్టి మిర్చి నిలువచేసిన గిడ్డంగిలో చోటు దొరికినా గుడ్లు పెట్టరాదు. చలి గది లేనిచోట, పెట్టిన రోజుననే వాసనలేని నూనె పలుచగా పూస్తే రంధ్రాలు మూసుకుపోయి నిలువ పెరుగుతుంది.

పరీక్ష

చీకటి గదిలో దీపానికి అడ్డంగా పట్టి చూస్తే లావు కొనలోని గాలి గది కనిపిస్తుంది. అగ్‌మార్కు ‘ఏ’ రకానికి ఇది 4 మిల్లీమీటర్లు, ‘బి’ రకానికి 8 మిల్లీమీటర్లు మించరాదు. బరువునుబట్టి 38 నుండి 44 గ్రాములది చిన్న గుడ్డు, 45 నుండి 52 వరకు మధ్యరకం, 53 నుండి 59 వరకు పెద్దది, 60 ఆపైన మరీ పెద్దది. నాటు గుడ్లు ఎక్కువగా చిన్న రకంలోకి వస్తాయి. నీటిలో వేస్తే తాజా గుడ్డు అడుగున పడుకుంటుంది, పాతది లావు కొన లేస్తుంది, తేలినదాన్ని పారవేయవలె. నీటి పరీక్షను నమూనాగా తీసిన నాలుగైదింటికే పరిమితం చేయవలె. సరుకంతా తడిపితే కడిగినట్లే.

కొనుగోలు మాటలోనే రెండు షరతులు చేర్చడం ఉభయులకూ క్షేమం. సరుకు కడగనిదై ఉండాలి. ప్రతి గుడ్డుపైన పెట్టిన తేదీ పెన్సిలుతో వేసి ఉండాలి. మచ్చలేని పొడి గుడ్డుకు కొంచెం ఎక్కువ ధర ఇస్తే ఇంటివారు కడగడం మానుతారు. కడిగినదానికీ కడగనిదానికీ ఒకే ధర కట్టినంతకాలం, గూడు శుభ్రంగా ఉంచిన ఇంటికి ఫలితం దక్కదు, చివర కొన్న దుకాణదారుకు తరుగు తప్పదు.