తుప్పు కింద చరిత్ర: పాత సైనిక జీపుకు మళ్లీ ప్రాణం పోసే శాస్త్రం

రెండో ప్రపంచ యుద్ధ కాలపు జీపు ఎక్కడైనా కనిపిస్తే, వాటి సంగతి తెలిసినవాళ్లు ముందుగా వంగి బోల్టుల తలలు చూస్తారు. తలమీద ఇంగ్లిషు అక్షరం 'ఎఫ్' అచ్చొత్తి ఉంటే అది ఫోర్డ్ కర్మాగారం బోల్టు. ఆ తర్వాత ఛాసిస్ ముందు భాగంలోని అడ్డకమ్మీని తడిమి చూస్తారు. అది గుండ్రటి గొట్టమైతే బండి విల్లీస్‌ది, బోర్లించిన 'యు' ఆకారంలో ఉంటే ఫోర్డ్‌ది. ఈ రెండు కంపెనీలు ఒకే నమూనాతో 1941–45 మధ్య సుమారు 6.4 లక్షల జీపులు తయారు చేశాయి. ఒకదాని విడిభాగాలు మరోదానికి సరిపోయేలా చేయడం సైన్యానికి అవసరం. అందుకే ఎనభై ఏళ్ల మరమ్మతుల తర్వాత చాలా బండ్లలో రెండు కంపెనీల సామాన్లూ కలిసిపోయి కనిపిస్తాయి.

పాత సైనిక వాహనాలను సేకరించి, బాగుచేసి నడపడం ప్రపంచమంతటా ఉన్న అభిరుచే. మన దేశంలో అది ఎక్కువగా జీపులు, జోంగాల చుట్టూ తిరుగుతుంది. పైకి ఇది రెంచీలు, గ్రీజుల పనిలా కనిపిస్తుంది. నిజానికి ఇందులో రసాయన శాస్త్రం, లోహ శాస్త్రం, భౌతిక శాస్త్రం అడుగడుగునా ఎదురవుతాయి. వాటితోపాటు ఒక చిక్కు ప్రశ్న కూడా ఉంది: పాత వస్తువును బాగుచేస్తున్నామా, దాన్ని తీసేసి కొత్తది పెడుతున్నామా?

ఈ బండ్లు మనకెలా వచ్చాయి?

1940లో అమెరికా సైన్యం తేలికైన, నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే చిన్న బండి కావాలని కంపెనీలను అడిగింది. తొలి నమూనాకు ఇచ్చిన గడువు 49 రోజులు. బాంటమ్ అనే చిన్న కంపెనీ కోసం ఇంజినీరు కార్ల్ ప్రాబ్స్ట్ దాన్ని రూపొందించారు. 1940 సెప్టెంబరు 23న బండి సైన్యానికి చేరింది. పెద్ద సంఖ్యలో తయారుచేసే పని మాత్రం తర్వాత విల్లీస్, ఫోర్డ్‌లకు వెళ్లింది.

1944లో ఇంఫాల్, కోహిమాలలో జరిగిన యుద్ధాలు, అస్సాంలోని లెడో నుంచి బర్మా మీదుగా చైనా వైపు వేసిన రోడ్డు ఈ బండ్లను మన నేలమీదికి తెచ్చాయి. యుద్ధం ముగిశాక మిగులు వాహనాలను 'డిస్పోజల్' కింద అమ్మేశారు. 1940ల చివర్లో మహీంద్రా అండ్ మహీంద్రా బొంబాయిలో విల్లీస్ జీపులను బిగించడం మొదలుపెట్టింది. తర్వాత మన సైన్యం కోసం జబల్‌పూర్‌లో నిస్సాన్ నమూనాతో జోంగాలు తయారయ్యాయి. సైన్యం వదిలించుకున్న బండ్లు వేలంలో కొండ ప్రాంతాలకు, తోటలకు, క్వారీలకు చేరాయి. అక్కడ వాటిని పనికొచ్చేలా మార్చుకున్నారు. పెట్రోలు ఖర్చు భరించలేక డీజిల్ ఇంజిన్ పెట్టారు, వెనక సీట్లు పెంచారు, రంగుమీద రంగు వేశారు. ఇవాళ సేకర్తల చేతికి వచ్చేవి ఎక్కువగా ఇలాంటి బండ్లే.

తుప్పులోనూ రకాలున్నాయి

ఇనుము ఎలక్ట్రాన్లను కోల్పోతుంది. నీటి సమక్షంలో ఆక్సిజన్ వాటిని అందుకుంటుంది. తుప్పుకు మూలం ఇదే. గాలిలో సాపేక్ష ఆర్ద్రత సుమారు 60 శాతం దాటితే ఈ చర్య వేగం పుంజుకుంటుంది. తయారైన తుప్పు, అది తినేసిన ఇనుముకన్నా రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రెండు రేకులు అతికిన సందులో తుప్పు పుడితే అది ఉబ్బి రేకులను విడదీస్తుంది. సందు పెద్దదవుతుంది, మరింత నీరు చేరుతుంది.

యుద్ధకాలపు జీపులో దీనికి పేరుపడ్డ చోటు ఒకటుంది. నేలరేకు కింద దన్నుగా బిగించిన బోలు పట్టీల్లో చెక్కముక్కలు కూర్చారు. చెక్క తేమను పీల్చుకుని ఏళ్ల తరబడి పట్టి ఉంచుతుంది. పైనుంచి రేకు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, కింద పట్టీ మాత్రం పొడిపొడిగా రాలుతుంటుంది. అందుకే అనుభవజ్ఞులు కొనేముందు బండి కింద పడుకుని చూస్తారు.

సముద్ర తీరంలో తిరిగిన బండిది మరో సమస్య. ఉప్పులోని క్లోరైడ్ అయాన్లు తుప్పు పొరలోపలే చిక్కుకుపోతాయి. క్లోరైడ్ ఉన్నచోట అకగనైట్ అనే తుప్పు ఖనిజం ఏర్పడుతుంది. దాన్ని మామూలు నీళ్లతో కడిగితే క్లోరైడ్ మొత్తం వదలదు. పైన ఎంత మంచి రంగు వేసినా కొన్ని నెలల్లో కింద నుంచి బొబ్బలు లేస్తాయి. అందుకే మ్యూజియం నిపుణులు ఇలాంటి ఇనుమును క్షార ద్రావణంలో చాలాకాలం నానబెడతారు. ఆ నీటిని కొద్దిగా తీసి, నత్రికామ్లం చేర్చి, సిల్వర్ నైట్రేట్ చుక్క వేసి చూస్తారు. తెల్లటి అవక్షేపం కనిపిస్తే క్లోరైడ్ ఇంకా వస్తోందన్నమాట. ఇంటర్ ల్యాబ్‌లో మనం చేసిన పరీక్షే ఇది. విశాఖ బీచ్‌లో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామి ఉక్కు కూడా ఈ ఉప్పుగాలినే ఎదుర్కొంటోంది.

చాకలి సోడా, బ్యాటరీ ఛార్జరు

తుప్పు తీయడానికి ఇసుకను గాలితో చిమ్మే పద్ధతి వేగంగా పనిచేస్తుంది. కానీ పలచటి రేకు వేడెక్కి వంగుతుంది, అచ్చొత్తిన అంకెలు అరిగిపోతాయి, దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులకు ప్రమాదం. చిన్న భాగాలకు విద్యుద్విశ్లేషణ నయం. ప్లాస్టిక్ తొట్టిలో చాకలి సోడా కలిపిన నీళ్లు పోసి, తుప్పుపట్టిన భాగాన్ని ఛార్జరు ఋణధ్రువానికి, పనికిరాని ఇనుప రేకును ధనధ్రువానికి కలుపుతారు. విద్యుత్తు పారినప్పుడు తుప్పులో కొంత నల్లటి మాగ్నటైట్‌గా మారుతుంది. వస్తువు మీద పుట్టే హైడ్రోజన్ బుడగలు మిగతా తుప్పును వదులు చేస్తాయి. ఆ తర్వాత బ్రష్‌తో రుద్దితే ఊడివస్తుంది. మంచి ఇనుము దాదాపు చెక్కుచెదరదు.

మూడు జాగ్రత్తలు తప్పనిసరి. హైడ్రోజన్ పేలే వాయువు కాబట్టి ఈ పని గాలి ఆడే చోటే చేయాలి. ధనధ్రువానికి స్టెయిన్‌లెస్ స్టీల్ వాడకూడదు, దానిలోని క్రోమియం విషపూరిత రూపంలో నీటిలోకి దిగవచ్చు. సోడాకు బదులు ఉప్పు వేస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

నాలుగోది కంటికి కనిపించని ప్రమాదం. హైడ్రోజన్ పరమాణువులు ఎంత చిన్నవంటే, అవి ఉక్కులోకే చొరబడతాయి. గట్టిదనం ఎక్కువున్న ఉక్కును అవి పెళుసుగా మారుస్తాయి. స్ప్రింగు పట్టీలను, ఎక్కువ బలం పడే బోల్టులను ఈ తొట్టిలో వేస్తే పైకి మెరుస్తూ బయటికొస్తాయి, బరువు పడ్డాక చెప్పాపెట్టకుండా విరగవచ్చు. స్టీరింగు, బ్రేకు, సస్పెన్షన్ భాగాలను వేరే పద్ధతిలో శుభ్రం చేయాలి. తర్వాత పగుళ్ల కోసం పరీక్షించాలి. రంగు ద్రావణం పూసి తుడిచేస్తే పగుళ్లలో దూరిన రంగు మళ్లీ పైకి ఊరి గీతలా కనిపిస్తుంది. ఇనుమును అయస్కాంతీకరించి సన్నటి ఇనుప రజను చల్లినా, పగులు ఉన్నచోట అది వరుసకడుతుంది.

రంగు పొరలను చదవడం

రంగు మొత్తం గీకేసే ముందు ఒకచోట చిన్న వృత్తంలో, నెమ్మదిగా వాలుగా రుద్దుతారు. చెట్టు మొద్దులోని వలయాల్లా ఒక్కో పొరా బయటపడుతుంది. పైన పంచాయతీ బండి నీలం, దాని కింద మన సైన్యపు ఆకుపచ్చ, అడుగున అమెరికా సైన్యపు ముదురు ఆలివ్ రంగు కనిపించవచ్చు. చేతిలో పట్టుకునే ఎక్స్-కిరణాల ప్రతిదీప్తి పరికరంతో చూస్తే ఆ పొరల్లో సీసం, జింకు, క్రోమియం ఎంతెంత ఉన్నాయో కూడా తెలుస్తుంది. ఒక్కోసారి పాత దళం గుర్తు, బండి నంబరు కూడా దొరుకుతాయి. ఆ బండి ఎక్కడ పనిచేసిందో చెప్పే ఆధారం అదొక్కటే కావచ్చు. గ్రైండరు పెట్టి పది నిమిషాల్లో తుడిచేస్తే దాన్ని తిరిగి తెచ్చుకోలేం. పాత రంగుల్లో సీసం ఉండటం మామూలే. కాబట్టి పొడిగా రుద్దకుండా తడిపి రుద్దాలి, సరైన మాస్కు పెట్టుకోవాలి.

ఇంజిన్ చిన్నది, గేర్లు తెలివైనవి

జీపు ఇంజిన్ సామర్థ్యం 2,199 సీసీ, శక్తి 60 హార్స్‌పవర్. ఇవాళ్టి చిన్న కార్లు కూడా అంతకన్నా ఎక్కువే ఇస్తాయి. మరి అది బురద గట్లు ఎలా ఎక్కింది? గేర్లలో ఉంది సమాధానం. ఇంజిన్ ఇచ్చే గరిష్ఠ టార్క్ సుమారు 142 న్యూటన్ మీటర్లు. మొదటి గేరు దాన్ని 2.66 రెట్లు, ట్రాన్స్‌ఫర్ కేసులోని తక్కువ గేరు 1.97 రెట్లు, ఇరుసు 4.88 రెట్లు పెంచుతాయి. మూడింటినీ గుణిస్తే దాదాపు 25.6. అంటే చక్రాల దగ్గర 3,600 న్యూటన్ మీటర్లకు పైమాటే. చక్రం వ్యాసార్ధం 35 సెంటీమీటర్లనుకుంటే నేలమీద తోపు బలం 10,000 న్యూటన్లు దాటుతుంది. జీపు బరువు దాదాపు 10,900 న్యూటన్లు. గేర్లలో పోయే నష్టాన్ని పక్కనపెడితే, బండి దాదాపు తన బరువంత బలంతో తనను తాను తోసుకోగలదు.

పాత జీపులో పెద్ద డీజిల్ ఇంజిన్ పెడితే సమస్య ఎక్కడొస్తుందో ఈ లెక్క చెబుతుంది. టార్క్ పెరిగితే గేరు పళ్లమీద, ఇరుసుల మీద పడే బలం అదే నిష్పత్తిలో పెరుగుతుంది. అవి ఆ బలానికి చేసినవి కావు.

ఇంజిన్ బ్లాకు పోత ఇనుముది. అది పగిలితే మామూలు వెల్డింగ్ పనికిరాదు. ఒకచోట వేడెక్కి, చల్లారేటప్పుడు కుంచించుకుని పక్కనే కొత్త పగులు తెస్తుంది. అందుకే వేడి లేకుండా, పగులు పొడవునా రంధ్రాలు చేసి, మరలు బిగించి కుట్టినట్టు అతుకుతారు.

నేటి పెట్రోలు, నాటి గొట్టాలు

ఇప్పుడు మన బంకుల్లో మామూలుగా దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి, లీటరు పెట్రోలుకన్నా మూడోవంతు తక్కువ. అంతకన్నా ముఖ్యం, ఇథనాల్ అణువులోనే ఆక్సిజన్ ఉంటుంది. కాబట్టి అది మండటానికి తక్కువ గాలి చాలు. కొత్త వాహనాల్లో సెన్సర్లు ఆ తేడాను సర్దుకుంటాయి. పాత కార్బ్యురేటరులో రంధ్రం పరిమాణం మారదు కనుక మిశ్రమంలో ఇంధనం పాలు తగ్గి ఇంజిన్ సాఫీగా నడవదు. పాత రబ్బరు గొట్టాలు ఉబ్బుతాయి. కొన్ని పాత కార్బ్యురేటర్లలో లక్క పూసిన బెండు తేలుళ్లుంటాయి. లక్క ఆల్కహాలులో కరుగుతుంది. పైగా ఇథనాల్ నీటిని పీలుస్తుంది కాబట్టి నెలల తరబడి కదలని బండి ట్యాంకు లోపలి నుంచి తుప్పుపడుతుంది. గొట్టాలను ఇథనాల్‌ను తట్టుకునే ఫ్లోరోరబ్బరుతో మార్చడం, కార్బ్యురేటరు జెట్టును సరిచేయడం, బండిని నిలిపే ముందు ట్యాంకు ఖాళీ చేయడం దీనికి విరుగుడు.

వెలగని డయల్

యుద్ధకాలపు విమానాల్లో, దిక్సూచుల్లో, కొన్ని సైనిక వాహనాల మీటర్లలో చీకట్లో మెరిసే రేడియం రంగు వాడారు. ఇప్పుడవి వెలగవు. అందుకని ప్రమాదం పోయిందనుకోవద్దు. రేడియం-226 అర్ధాయువు 1,600 ఏళ్లు. ఎనభై ఏళ్లలో అందులో తరిగింది 3–4 శాతమే. పాడైంది దానితో కలిపిన జింక్ సల్ఫైడు. రేడియం వెలువరించే ఆల్ఫా కణాల తాకిడికి అది వెలుగునిచ్చే గుణం కోల్పోయింది. అద్దం చెక్కుచెదరకుండా ఉన్నంతవరకు ఆల్ఫా కణాలు బయటికి రావు. విప్పి గీకితే ఆ పొడి ఊపిరితో లోపలికి పోతుంది, అసలు ముప్పు అదే. అనుమానమున్న మీటరును గైగర్ కౌంటర్‌తో పరీక్షించకుండా తెరవకూడదు. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. అలవాటుగా గాలిగొట్టంతో దుమ్ము ఊదడం మానేయాలి.

నడపాలా? అలాగే ఉంచాలా?

ఇంగ్లండ్‌లోని బోవింగ్టన్ ట్యాంక్ మ్యూజియంలో టైగర్ 131 అనే జర్మన్ ట్యాంకు ఉంది. 1943 ఏప్రిల్‌లో ట్యునీషియాలో బ్రిటిష్ సైన్యానికి చిక్కింది. 1990లో మొదలైన పునరుద్ధరణ తర్వాత 2003లో మళ్లీ కదిలింది. అందుకోసం అసలు ఇంజిన్ స్థానంలో అదే మేబాక్ కంపెనీ తర్వాతి రకం ఇంజిన్ అమర్చాల్సి వచ్చింది. ఇప్పుడు దాన్ని ఏడాదికి కొద్ది రోజులే నడుపుతారు. నడిపిన ప్రతిసారీ మళ్లీ దొరకని భాగాలు అరుగుతాయి. అసలు నడపకపోతే నూనె పొర జారిపోయి బేరింగులు, సీళ్లు పాడవుతాయి. ఏ వైపు చూసినా కొంత నష్టం తప్పదు.

మన దేశంలో ఈ ప్రశ్నకు చట్టపరమైన కోణం కూడా ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను 'వింటేజ్' కింద నమోదు చేసుకోవచ్చు. రాష్ట్రం కోడ్ తర్వాత 'వీఏ' అక్షరాలుండే ప్రత్యేక నంబరు ఇస్తారు. మొదటి నమోదు రుసుము 20,000 రూపాయలు. ఆ బండిని రోజువారీగానో, వ్యాపారానికో వాడకూడదు. అసలు షరతు మరొకటి: బండి మొదటి రూపంలోనే ఉండాలి, భారీ మార్పులు జరిగి ఉండకూడదు. డీజిల్ ఇంజిన్‌తో నలభై ఏళ్లు కొండలెక్కిన జీపుకు అది పెద్ద అడ్డంకి. యజమాని అసలు ఇంజిన్ వెతికి పెడితే సైనిక చరిత్ర తిరిగొస్తుంది. కానీ ఆ జీపు కొండదారుల్లో జనాన్ని మోసిన కాలపు ఆనవాళ్లు పోతాయి. అదీ చరిత్రే.

దీనికి అందరికీ సరిపోయే జవాబు లేదు గానీ, మ్యూజియం నిపుణులు పాటించే పద్ధతిని ఇంటి షెడ్డులోనూ పాటించవచ్చు. విప్పే ముందు ప్రతి భాగాన్నీ ఫొటో తీయాలి. తీసేసిన ముక్కను పాత ఇనుప సామాన్లవాడికి వేయకుండా చీటీ కట్టి దాచాలి. కొత్తగా చేయించిన భాగం మీద సంవత్సరం చెక్కించాలి. వీలైనచోట మళ్లీ విప్పగలిగేలా బిగించాలి. శబ్దం విని వాల్వు సందు ఎంతుందో చెప్పగల పాత మెకానిక్‌లు ఇంకా మన పట్టణాల్లో ఉన్నారు. వాళ్లు చెప్పే కొలతల్లో చాలా వరకు ఏ పుస్తకంలోనూ ఉండవు. పనిచేసేటప్పుడు పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకుని వాటిని రాసుకోవాలి.