రొట్టెలు కాల్చి ఇచ్చిన పొరుగింటి స్త్రీలు

సంసారమన్నాక ఎన్నో బరువులుంటాయి. వంటావార్పూ, పిల్లల పెంపకం, పెద్దల సేవ, రోగాలు, అప్పులు, నిందలు, చావులు. వీటిలో చాలావరకు స్త్రీ భుజాల మీదే పడతాయి. ఆ బరువు ఎంతటిదో ముందుగా తెలిసేది కూడా మరో స్త్రీకే. అయినా చేయి అందించవలసిన చోట మనం తరచు వేలెత్తి చూపుతున్నాం. విశ్వాసులైన పురుషులు, స్త్రీలు ఒకరికొకరు సహాయకులని దివ్యఖుర్‌ఆన్ తౌబా సూరాలో తెలియజేస్తోంది. ఈ బోధను ఆనాటి మదీనా స్త్రీలు ఎలా ఆచరించారో చూద్దాం.

పనిలో తోడు

హజ్రత్ అస్మా (రజి) హజ్రత్ అబూబక్ర్ సిద్దీఖ్ (రజి) గారి కుమార్తె. వర్తకుని ఇంట పెరిగిన ఆమె హజ్రత్ జుబైర్ (రజి)ను వివాహమాడేనాటికి ఆయనకు ఒక గుర్రం, నీళ్లు తోడే ఒక ఒంటె తప్ప మరే ఆస్తీ లేదు. గుర్రానికి మేత వేయడం, నీళ్లు తేవడం, తోలు బొక్కెన చిరిగితే కుట్టుకోవడం, పిండి కలపడం అన్నీ ఆమే చేసేవారు. సుమారు రెండు మైళ్ల దూరంలోని పొలం నుంచి ఖర్జూరపు గింజలు నెత్తిన మోసుకొచ్చేవారు. అయితే రొట్టెలు కాల్చడం మాత్రం ఆమెకు సరిగా చేతనయ్యేది కాదు. పొరుగున ఉన్న అన్సారీ స్త్రీలే ఆమెకు రొట్టెలు కాల్చి ఇచ్చేవారు. ఈ సంగతిని ఆమే స్వయంగా చెప్పి, ఆ స్త్రీల మంచితనాన్ని కొనియాడారు. సహీహ్ బుఖారీలో ఇది నమోదై ఉంది.

చేతకాని పనిని ఎత్తిచూపకుండా, ఆ పనినే వారు తమ చేతుల్లోకి తీసుకున్నారు. మరి మన ఇళ్లలో? కొత్త కోడలు చేసిన రొట్టె గుండ్రంగా రాకపోతే ఆ మాట ఆడబిడ్డ నోట పుట్టి నాలుగు వీధులూ తిరిగి వస్తుంది.

నింద పడినప్పుడు

హజ్రత్ ఆయిషా (రజి)పై కపటులు అపనింద వేసినప్పుడు ఆమె పుట్టింట్లో రాత్రింబవళ్లు ఏడుస్తూ ఉండిపోయారు. అప్పుడు ఒక అన్సారీ స్త్రీ అనుమతి అడిగి లోపలికి వచ్చారు. ఆమె పక్కన కూర్చుని తానూ ఏడ్చారు.

అంతకన్నా గొప్ప విషయం మరొకటుంది. దైవప్రవక్త (సఅసం) సతీమణుల్లో హజ్రత్ ఆయిషా (రజి)తో సమానంగా నిలిచినవారు హజ్రత్ జైనబ్ (రజి). ఆమె సోదరి ఆ పుకారులో పాలుపంచుకున్నారు కూడా. అయినా దైవప్రవక్త (సఅసం) అడిగినప్పుడు, తన చెవిని, కంటిని కాపాడుకుంటానని, ఆయిషాలో మంచి తప్ప మరేమీ ఎరుగనని ఆమె స్పష్టం చేశారు. ఆ తర్వాత నూర్ సూరా ఆయత్‌లు హజ్రత్ ఆయిషా (రజి) నిర్దోషిత్వాన్ని చాటాయి. సవతి గురించి అడిగినప్పుడే ఒక స్త్రీ ఇంత నిగ్రహం పాటించగలిగితే, తోడికోడలి గురించి, పొరుగింటి అమ్మాయి గురించి మనం పాటించలేమా?

దుఃఖంలో ఓదార్పు

హిజ్రీ 8వ సంవత్సరం, అంటే క్రీ.శ. 629లో మూతా యుద్ధంలో హజ్రత్ జాఫర్ (రజి) అమరులయ్యారు. వారి కుటుంబం దుఃఖంలో మునిగి ఉంది కనుక వారికి భోజనం వండి పంపమని దైవప్రవక్త (సఅసం) ఆదేశించారు. హజ్రత్ ఆయిషా (రజి) కూడా ఎవరైనా చనిపోతే, పరామర్శకు వచ్చిన స్త్రీలు వెళ్లిపోయాక, మిగిలిన ఇంటివారికి, ఆప్తులకు తల్బీనా అనే జావ కాయించి పెట్టించేవారు. అది దుఃఖించే మనసుకు ఊరటనిస్తుందని ఆమె చెప్పేవారు.

మన దగ్గర పలుచోట్ల దీనికి భిన్నంగా జరుగుతోంది. చావు జరిగిన ఇంట్లోనే పొయ్యి వెలిగించి, వచ్చినవారికి వడ్డిస్తున్నారు. నాలుగు రోజులు పోయాక అటువైపు తొంగిచూసేవారుండరు. భర్తను కోల్పోయిన స్త్రీ ఇద్దత్ గడువు నాలుగు నెలల పది రోజులు. అసలు తోడు కావలసింది ఆ రోజుల్లోనే. పిల్లల ఫీజు కట్టిరావాలి, మందులు తేవాలి, సరుకులు తెచ్చిపెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, సాయంత్రం పూట పక్కన కూర్చోవడానికి ఒక మనిషి కావాలి.

మన వీధిలోనే ఉన్నారు

ఇటువంటి సోదరీమణులను వెతుక్కుంటూ ఎక్కడికో వెళ్లనక్కరలేదు. భర్త గల్ఫ్‌కు వెళితే జ్వరం వచ్చిన పిల్లాణ్ణి ఎత్తుకుని ఒంటరిగా ఆస్పత్రికి పరుగెత్తే ఇల్లాలు ఉంది. పుట్టింటి అండ లేని బాలింత ఉంది. తలాఖ్ అయి వచ్చిన కూతురి గురించి నలుగురూ ఏమడుగుతారోనని పెళ్లిళ్లకు రావడం మానేసిన తల్లి ఉంది. వారి బరువంతా మనం మోయలేకపోవచ్చు. గంటసేపు బిడ్డను ఎత్తుకోగలం. ఒక పూట కూర పంపగలం. వారి గురించి నలుగురూ చెవులు కొరుక్కుంటున్న చోట ఆ మాటను అక్కడే ఆపగలం.

పొరుగింటికి పంపే కానుక ఎంత చిన్నదైనా, గొర్రె గిట్ట అయినా సరే, తక్కువగా చూడవద్దని దైవప్రవక్త (సఅసం) ముస్లిం స్త్రీలకు ప్రత్యేకించి బోధించారు. మదీనాలో కాలిన ఆ రొట్టెలు ఎన్నో మనకు తెలియదు. వాటిని కాల్చిన స్త్రీల పేర్లు కూడా తెలియవు. అయినా పద్నాలుగు వందల ఏళ్లుగా వారి మంచితనం చెప్పుకుంటూనే ఉన్నాం. అటువంటి పొరుగువారిగా మెలిగే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.