పరిమళించే రాయి

చార్మినారు పరిసరాలలో అత్తరు అంగళ్ళ ముందు నడిచిన వారికి ఈ సంగతి అనుభవమే. దుకాణదారు గాజు పుల్లతో ముంజేతిపై రాసిన ఒక్క చుక్క సాయంకాలం వరకు మనలను వదలదు. మన పెద్దలు దూది పింజను అత్తరులో తడిపి చెవి మడతలో ఉంచుకొనేవారు. దూదినే ఎందుకు ఎన్నుకొన్నారు? దూది పోగుల నడుమ ఖాళీ ఉంది. అత్తరు ఆ ఖాళీలో పరచుకొని, అక్కడినుండి కొద్ది కొద్దిగా గాలిలో కలుస్తుంది. నేడు బట్టల అలమారాలలోను, చదువుకొనే బల్లలపైన ఉంచుకొంటున్న ప్లాస్టరు సుగంధ శిలలు చేసే పని కూడా ఇదే. దూదికి బదులు రాయి, అంతే.

ఈ వ్యాసం వ్రాయవలసిన అవసరం ఒక నష్టం వలన కలిగింది. నిరుడు మా రసాయనశాస్త్ర విద్యార్థినులు కొందరు వార్షికోత్సవంలో ఒక చిన్న అంగడి పెట్టి, వచ్చిన సొమ్ముతో తమ తరగతిలోని ఇద్దరి పరీక్ష రుసుము కట్టాలని సంకల్పించారు. నలభై శిలలు పోత పోశారు. పరిమళం ఎంత ఎక్కువైతే అంత మేలని తలచి, మూడు తులాల అత్తరును తడి ముద్దలోనే కలిపివేశారు. వారం గడిచినా ఆ శిలలు గట్టిపడలేదు. గోటితో గీస్తే పొడి రాలింది. పైన జిడ్డు తేలింది. పరిమళం మాత్రం అంతంత మాత్రమే. తప్పు వారిది కాదు. ముందుగా చెప్పవలసిన నేను చెప్పలేదు. ఆ చెప్పవలసినది ఇప్పుడు చెబుతున్నాను.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ జిప్సం అనే ఖనిజం నుండి తయారవుతుంది. ఆయుర్వేదంలో గోదంతి అనేది దీనినే. జిప్సంలో ప్రతి కాల్షియం సల్ఫేటు అణువుతో రెండు నీటి అణువులు కూడి ఉంటాయి. దానిని సుమారు 150 సెంటీగ్రేడు డిగ్రీల వరకు వేడి చేస్తే ఆ నీటిలో నాలుగింట మూడు వంతులు పోయి తెల్లని పొడి మిగులుతుంది. పారిస్ నగరంలోని మోంమార్త్రు కొండ జిప్సం గనులకు ప్రసిద్ధి గనుక ఆ పొడికి ఆ ఊరి పేరు వచ్చింది. పొడికి నీరు తగిలితే పోయిన నీటిని తిరిగి పుచ్చుకొని మళ్ళీ జిప్సం అవుతుంది. సూదుల వంటి సన్నని స్ఫటికాలు ఒకదానిలో ఒకటి చిక్కుకొని ముద్ద రాయిగా మారుతుంది. కోల్పోయిన నీటిని తిరిగి పొందడమే ఈ గట్టిపడడానికి కారణమని లవోయిజియే మహాశయుడు తన ఇరవై రెండవ ఏట, 1765లో, ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తుకు విన్నవించాడు. మన చార్మినారు గోడలపై కనిపించే గచ్చుపనితో దీనిని పొరబడకూడదు. అది సున్నం. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని చాలాకాలానికి గట్టిపడుతుంది. ప్లాస్టరు నీటితో అరగంటలో బిగుసుకొంటుంది.

ఇక అసలు రహస్యం లెక్కలో ఉంది. 100 గ్రాముల పొడి జిప్సంగా మారడానికి కావలసిన నీరు 18.6 గ్రాములు మాత్రమే. కాని అంత కొద్ది నీటితో కలిపితే ముద్ద కదలదు, అచ్చులోనికి జారదు. అందుచేత మనము 60 గ్రాముల వరకు పోస్తాము. అంటే 41 గ్రాములకు పైగా నీరు రాయిలో అతిథిగా ఉండి, కొన్నాళ్ళకు గాలిలోనికి వెళ్ళిపోతుంది. అది విడిచివెళ్ళిన చోట్లే కంటికి కనబడని సూక్ష్మరంధ్రాలు. సుగంధ తైలానికి రాయిలో దొరికే నివాసం ఆ రంధ్రాలే. తడి ముద్దలో అత్తరు కలిపితే నూనె బిందువులు స్ఫటికాల నడుమ అడ్డుపడి వాటి పట్టును సడలిస్తాయి. నీటి దారులను కూడా మూసివేస్తాయి. నీరు ఇంకా ఇల్లు ఖాళీ చేయకముందే అత్తరును ప్రవేశపెట్టడమే మా విద్యార్థినులు చేసిన పొరపాటు.

రాయి పరిమళాన్ని దాచుకొనడం కొత్త సంగతి కాదు. ఎండాకాలంలో రాళ్ళు, మట్టి తమ రంధ్రాలలో మొక్కల నుండి వెలువడే తైలాలను గ్రహించి, తొలకరి చినుకుకు విడుస్తాయి. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు బేర్, థామస్ 1964లో ఈ వాసనకు పెట్రికోర్ అని పేరు పెట్టారు. ఆ పేరు పుట్టకముందే ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజు పనివారు ఆ వాసనను సీసాలో పట్టారు. కాల్చిన మట్టిని రాగి డేగులో నీటితో మరిగించి, ఆ ఆవిరిని వెదురు గొట్టం ద్వారా మంచిగంధపు నూనె ఉన్న భప్కాలోనికి పంపి మట్టి అత్తరు తీస్తారు. ప్లాస్టరు శిలకు ఈ అత్తరు కంటే తగినది లేదని నా అభిప్రాయం. అయితే అసలైనది ఖరీదు.

విధానం సులభం. పొడి కొత్తదై ఉండవలెను. తేమ తగిలి గడ్డలు కట్టిన పొడి పనికిరాదు. ముందు నీరు తీసుకొని అందులో పొడిని జల్లవలెను గాని పొడిపై నీరు పోయకూడదు. పొడి తానుగా మునిగిన పిదప నెమ్మదిగా కలపవలెను. గట్టిగా చిలికితే బుడగలు చేరుతాయి. నిమ్మరసపు చుక్క బిగువును ఆలస్యం చేస్తుంది, చిటికెడు ఉప్పు త్వరపెడుతుంది. బిగుసుకొనేటప్పుడు ప్లాస్టరు రవంత వ్యాకోచిస్తుంది గనుక అచ్చులోని సన్నని గీత కూడా రాయిలో దిగుతుంది. రబ్బరు అచ్చయితే ఏమీ పూయనక్కరలేదు. లోహపు అచ్చుకు నూనె పూస్తే పలుచగా పూయవలెను. నూనె తగిలిన ముఖం అత్తరును సరిగా పీల్చదు. పొడి రేగేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకొనుట మంచిది. మిగిలిన ముద్దను మోరీలో పోయరాదు. గొట్టంలోనే రాయి అవుతుంది.

ఒక్క హెచ్చరిక మాత్రం మరువరాదు. ఇది ఉష్ణమోచక చర్య. చిన్న బిళ్ళ గోరువెచ్చన అవుతుంది, అంతే. పెద్ద ముద్ద 60 డిగ్రీలకు చేరగలదు. 2007లో ఇంగ్లండులోని ఒక పాఠశాలలో ఒక బాలిక తన చేతుల అచ్చు తీయాలని బకెట్టులోని తడి ప్లాస్టరులో రెండు చేతులూ ఉంచింది. అది బిగుసుకొన్నది, చేతులు బయటికి రాలేదు. కాలిన గాయాల వలన ఆమె వేళ్ళలో చాలా వాటిని తొలగించవలసి వచ్చింది. కనుక ఏ అవయవం చుట్టూ ప్లాస్టరు పోయకూడదు.

అచ్చు నుండి తీసిన శిలను నీడలో, గాలి ఆడే చోట ఆరబెట్టవలెను. పొయ్యి మీద పెడితే రాయి మళ్ళీ నీటిని కోల్పోయి పొడిబారుతుంది. ఆరినదీ లేనిదీ చెంపకు ఆనించి తెలుసుకొనవచ్చు. చల్లగా తగిలితే లోపలి నీరు ఇంకా ఆవిరవుతున్నదని అర్థం. త్రాసు ఉన్నవారికి ఇంతకంటే నమ్మకమైన సాక్షి ఉంది. 25 గ్రాముల పొడి, 15 గ్రాముల నీరు కలిపిన శిల మొదట 40 గ్రాములు తూగుతుంది. అది 30 గ్రాములకు రవంత దిగువకు వచ్చి అక్కడ నిలిచిన రోజున అత్తరు వేయవచ్చు. వానాకాలంలో ఇందుకు వారమైనా పట్టవచ్చు.

శిలకు ఐదు చుక్కలు చాలు. నిమ్మ, నారింజ నూనెలు త్వరగా ఎగిరిపోతాయి. ఖస్సు, మంచిగంధం చాలా దినాలు నిలుస్తాయి. పరిమళం తగ్గినపుడు మరల రెండు చుక్కలు వేయవచ్చు. శిలను నేరుగా బట్టలపై గాని నగిషీ చెక్కపై గాని ఉంచితే నూనె మరక పడుతుంది. చిన్న పళ్ళెం అవసరం.

మా విద్యార్థినులు రెండవసారి కిలో పొడిని నాలుగు వాయిలుగా కలిపి నలభై శిలలు పోశారు. ఈసారి ఒక్క తులం అత్తరు సరిపోయింది. ముప్పైతొమ్మిది అమ్ముడుపోయాయి. ఇద్దరి రుసుమూ గడువులోగా కట్టారు. మిగిలిన ఒక్క దానిని మా ప్రయోగశాలలో త్రాసు ప్రక్కన ఉంచాము. మొదటి విడత శిల కూడా ఒకటి దాని సరసనే ఉంది. చూడదలచిన వారు రెండింటినీ గోటితో గీసి చూడవచ్చు.