మా ఆవిడ వోటు వేయనన్నది

2019 ఏప్రిల్ 11, గురువారం. ఆంధ్రప్రదేశ్ అంతటా ఆ ఒక్కరోజే పోలింగు. ఎండ ముదరకముందే బడి దగ్గరకు చేరుకోవాలని నేను పెందరాళే స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, చీటీలు రెండూ జేబులో పెట్టుకుని వరండాలో నిలబడ్డాను. మా ఆవిడ వంటింట్లోంచి కదలలేదు.

"ఏమోయ్, తెమిలావా?" అని కేక వేశాను.

"మీరు వెళ్ళిరండి. నేను రావటం లేదు" అన్నది.

"ఏం, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే వున్నది. ఈసారి వోటు వేయదలుచుకోలేదు."

మా పెళ్ళయి అప్పటికి ముప్ఫైనాలుగేళ్ళు. ఆవిడ నోట "దలుచుకోలేదు" అన్నమాట వినటం అదే మొదలు. నేను ఊరుకుంటానా! పౌరధర్మం అన్నాను. ప్రజాస్వామ్యం అన్నాను. స్వాతంత్ర్యం ఊరికే రాలేదన్నాను. ఆవిడ పోపు వేస్తూ అంతా ఓపిగ్గా విన్నది. విని, ఒక్కమాట అన్నది.

"ఇన్నాళ్ళూ నేను వోటు వేసిందెప్పుడండీ? నా వోటూ మీరే వేశారు. నేను చెయ్యి అరువిచ్చానంతే."

పాఠకులు నన్ను మన్నించాలి. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ప్రతి ఎన్నికకూ దారిలో ఆవిడకు గుర్తు చెప్పేవాణ్ణి. "మరచిపోకు సుమా" అని గుమ్మం దగ్గర మరోసారి హెచ్చరించేవాణ్ణి. నా మనసు మారిన ఏడు ఆవిడ వోటూ మారేది. ఒకసారి "ఈయనకే ఎందుకండీ?" అని అడిగింది కూడా. "నీకు తెలియదులే" అన్నాను. అది తలుపు మూయటమని అప్పుడు నాకు తోచలేదు.

ఒక్కణ్ణే వెళ్ళాను. వరసలో తెలిసినాయన, "అమ్మగారు రాలేదే, మాస్టారూ?" అని పలకరించాడు. "జ్వరం" అన్నాను. వేలికి సిరా వేయించుకుని ఇంటికి వస్తూంటే ఆ అబద్ధమే కాలికి ముల్లులా గుచ్చుకున్నది. ఎందుకు చెప్పినట్టు? దేశానికి ఒక వోటు తగ్గిందనా? కాదు. నా చేతిలోని రెండో వోటు జారిపోయిందని నలుగురికీ తెలుస్తుందని!

ఆ తర్వాత కాస్త చట్టం తిరగేశాను. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 79వ సెక్షనులో ఎన్నికల హక్కుకు అర్థం చెప్పారు. వోటు వేసే హక్కుతోపాటు, వేయకుండా వుండే హక్కూ అందులోనే వున్నది. ఆస్ట్రేలియాలో 1924 నుంచీ పార్లమెంటు ఎన్నికల్లో వోటు వేయటం తప్పనిసరి. కారణం లేకుండా మానితే జరిమానా. మన పార్లమెంటు, శాసనసభల ఎన్నికలకు అటువంటి నిర్బంధం లేదు. ప్రభుత్వమే "వేసి తీరాలి" అనని చోట భర్త అనటమేమిటి?

ఇంకొక సంగతి చదివి నిజంగా సిగ్గుపడ్డాను. 1951-52లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికల ముందు జాబితాలు రాయటానికి ఉద్యోగులు ఇల్లిల్లూ తిరిగారు. ఉత్తరాదిని చాలాచోట్ల స్త్రీలు పరాయివారికి తమ పేరు చెప్పలేదు. ఫలానావారి భార్యను, ఫలానావారి కూతుర్ని అన్నారు. అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ అది చాలదన్నారు. ఎవరి పేరు వారిది వుండాలన్నారు. పేరు చెప్పని సుమారు 28 లక్షలమంది స్త్రీలు జాబితాలో చోటు పోగొట్టుకున్నారు. ఆ నిర్ణయం కఠినంగా కనిపించవచ్చు. కాని దాని భావం మటుకు ఒక్కటే: వోటరు అంటే ఫలానావారి భార్య కాదు, ఒక మనిషి. మా ఆవిడ పేరు జాబితాలో చక్కగా వున్నది. నేనే ఆవిడను ఫలానావారి భార్యగా వుంచాను.

"అయితే అందరూ ఇంట్లో కూర్చోవచ్చునా?" అని మీరు అడగవచ్చు. నేనలా అనటం లేదు. మనం మానుకున్నంత మాత్రాన ఎన్నిక ఆగదు. వెళ్ళినవారు మన తరఫున కూడా నిర్ణయిస్తారు. ఇంట్లో కూర్చున్నది కోపంతోనో బద్ధకంతోనో లెక్కపెట్టేవారికి తెలియదు. అభ్యర్థులు ఎవరూ నచ్చకపోతే, 2013లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పటినుంచీ యంత్రం మీద "నోటా" మీట వున్నది. అంతకుముందు ఎవరికీ వేయనంటే అధికారి ముందు రాయించి సంతకం పెట్టవలసి వచ్చేది. రహస్యం మిగిలేది కాదు.

ఈ ముక్క ఆవిడకు చెప్పాను. నవ్వి, "నాకు నచ్చనిది అభ్యర్థులు కారుగా!" అన్నది.

నిజమే. ఆవిడ ఫిర్యాదుకు ఆ యంత్రం మీద మీట లేదు.

మర్నాటినుంచీ ఒక మార్పు జరిగింది. పేపరు నేను చదివి మడత పెట్టాక ఆవిడ తీసి చదివేది. మంచినీళ్ళ సంగతీ, పంట ధర సంగతీ నన్ను అడిగేది. చెప్పేవాణ్ణి; "నీకు తెలియదులే" అనటం మానేశాను. కొన్నిటికి నాకే తెలియదని కూడా తెలిసింది.

2024 మే 13, సోమవారం. మళ్ళీ పోలింగు. నేనేమీ అడగలేదు. ఆవిడే ఉతికిన చీర కట్టుకుని వచ్చి, "నా చీటీ నాకివ్వండి" అన్నది. ఇచ్చాను. ఆడవారి వరసలో ఆవిడ, మగవారి వరసలో నేను. ఆ ఏడు లోక్‌సభ ఎన్నికల్లో దేశం మొత్తంమీద పురుష వోటర్లలో నూటికి 65.55 మంది వోటు వేస్తే, స్త్రీలలో 65.78 మంది వేశారట. వారిలో ఎందరు తమ వోటు తామే వేశారో ఏ లెక్కా చెప్పదు. ఒక్కరి సంగతి మటుకు నేను చెప్పగలను.

తిరిగి వస్తూ చెట్టుకింద చెరకురసం తాగాం. ఎవరికి వేశావన్న ప్రశ్న నా నాలిక చివరికి వచ్చింది. మింగేశాను. ఆవిడ నా ముఖం చూసి గ్రహించింది.

"అడగండి ఫరవాలేదు. చెప్పనులెండి" అన్నది.

మీ ఇంట్లోనూ ఎప్పుడైనా, భార్యగాని భర్తగాని, "ఈసారి వేయను" అంటే ఉపన్యాసం మొదలుపెట్టకండి. ముందు ఎందుకని అడగండి. అడిగి, చివరిదాకా వినండి. నేను ఆ పని ముప్ఫైనాలుగేళ్ళు ఆలస్యంగా చేశాను.