దూది పోగు, తవుడు పొడి, గని వాయువు: మండే గాలిలో కంట్రోల్ ప్యానెళ్ల భద్రత

2016 అక్టోబరు 11న ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు మూడింటిలోనూ పత్తి, వరి ప్రధాన పంటలే. కాని ఆ పంటలను శుద్ధిచేసే యంత్రాల చుట్టూ ఉండే గాలి అన్ని చోట్లా ఒకటి కాదు. జిన్నింగ్ మిల్లులో దూది పోగులు తేలుతుంటాయి. రైసు మిల్లు ఎలివేటరు గుంతలో తవుడు, ఊక ధూళి, మిరప, పసుపు పట్టే మిల్లులో సన్నని పొడి నిండి ఉంటాయి. భూపాలపల్లిలోని సింగరేణి భూగర్భ గనుల్లో లెక్కించవలసినది మీథేన్ వాయువు. ఇన్ని రకాల గాలికి ఒకే తరహా ప్యానెల్ సరిపోదు. అయినను వ్యవసాయ బావి వద్ద బిగించే స్టార్టర్ డబ్బానే కొంచెం పెద్దదిగా చేయించి మిల్లులోనూ బిగించే అలవాటు గ్రామీణ పరిశ్రమల్లో బలంగా ఉన్నది.

ఈ అలవాటుకు భాష కూడా కొంత కారణమే. ‘ప్రమాదకర ప్రాంతం’ అనగానే తడి నేల, తెగిన తీగ, షాకు మనసులో మెదులుతాయి. విద్యుత్ ప్రమాణాల్లో ఆ మాటకు అర్థం వేరు. గాలిలోని వాయువు, ఆవిరి, ధూళి లేదా పోగు నిప్పురవ్వ తగిలినంతనే అంటుకొనగల చోటు మాత్రమే ఆ పేరుకు తగినది. బావి గట్టుపై ఉన్న డబ్బా ప్రాణాంతకం కావచ్చు, కాని అది ఈ వర్గంలోకి రాదు. గోబర్ గ్యాస్ గుంత పక్కనున్న డబ్బా వచ్చే అవకాశమున్నది. తవుడు నుంచి నూనె తీసే సాల్వెంట్ కర్మాగారం తప్పక వస్తుంది. అక్కడ వాడే హెక్సేన్ ఆవిరి సుమారు 225 డిగ్రీల సెల్సియస్ వద్ద తనంతట తానే అంటుకొనును. కనుక అక్కడి పరికరం ఉపరితలం 200 డిగ్రీలు దాటరాదు.

భారతీయ ప్రమాణాల సంస్థ స్వీకరించిన ఐఎస్/ఐఈసీ 60079 శ్రేణి పరికరాలను మూడు గ్రూపులుగా విభజించింది. మొదటిది మీథేన్ వెలువడే గనులకు, రెండవది ఇతర వాయువులకు, మూడవది ధూళికి. మూడవ గ్రూపులో మళ్లీ ఎ, బి, సి అను ఉపవిభాగాలున్నవి. 500 మైక్రాన్లకు మించిన పోగులు ‘ఎ’లోకి వస్తాయి. దూది స్థానం ఇదే. అంతకంటె సన్నని, విద్యుత్తును ప్రసరింపజేయని తవుడు, మిరప, పసుపు పొడులు ‘బి’లోకి, లోహపు పొడి వంటివి ‘సి’లోకి చేరును. ఆ తరువాత చోటును బట్టి జోన్ నిర్ణయిస్తారు. ధూళి మేఘం ఎడతెగక ఉండే ఎలివేటరు లోపలి భాగం జోన్ 20. మామూలు పనిలోనే అప్పుడప్పుడు మేఘం లేచే చోటు జోన్ 21. అరుదుగా, కొద్దిసేపు మాత్రమే లేచే చోటు జోన్ 22.

మిల్లుల్లో ఎక్కువగా ఉపేక్షకు గురయ్యేది పేరుకున్న పొర. ఘనమీటరుకు 500 కిలోల సాంద్రత గల పొడి 5 మీటర్ల ఎత్తున్న గదిలో నేలపై కేవలం 1 మిల్లీమీటరు మందాన పరచుకొని ఉన్నదనుకొందము. అది మొత్తం గాలిలోకి లేస్తే ఘనమీటరుకు 100 గ్రాముల మేఘం తయారగును. అనేక ఆహారధాన్యాల పొడులు అంటుకొనుటకు ఈ సాంద్రత చాలును. చేతివేలితో పేరు రాయదగినంత పొర ఎంత శక్తిని దాచుకొని ఉన్నదో ఈ చిన్న లెక్క చెబుతుంది. 1878 మే 2న అమెరికాలోని మినియాపొలిస్‌లో వాష్‌బర్న్ ‘ఎ’ పిండిమిల్లు పేలి 18 మంది కార్మికులు మరణించారు. 2008 ఫిబ్రవరి 7న జార్జియా రాష్ట్రంలోని ఇంపీరియల్ షుగర్ కర్మాగారంలో చక్కెర ధూళి పేలి 14 మంది ప్రాణాలు కోల్పోయారు. ఇటువంటి ఘటనల్లో మొదటి చిన్న పేలుడు దూలాలపై, నేలపై పేరుకున్న పొరను లేపుతుంది. ప్రాణాలు తీసేది సాధారణంగా ఆ తరువాతి పెద్ద పేలుడే.

దూది తీరు కొంత భిన్నం. అది పేలుటకంటె త్వరగా అంటుకొని పాకుతుంది, బేలు లోపల బయటికి కనబడక గంటల తరబడి రగులుతుంది. జిన్నింగ్‌లో నిప్పుకు రాయి, ఇనుప ముక్క, రాపిడి ప్రధాన కారణాలన్నది నిజమే. అయితే కాంటాక్టరు కలిసి విడిపోయే ప్రతిసారీ ప్యానెల్ లోపల ఆర్కు పుడుతుంది. తలుపు సందుల నుంచి, మూయకుండా వదిలిన కేబుల్ గ్లాండు రంధ్రాల నుంచి దూది లోనికి చేరితే ఆ ఆర్కుకు ఇంధనం సిద్ధంగా ఉన్నట్లే. సీజనులో వారానికొకసారి కంప్రెసరు గాలితో ప్యానెల్‌ను ఊదే పద్ధతి మరింత హానికరం, ఏలయనగా అది పొరను మేఘంగా మారుస్తుంది. సరఫరా ఆపి, తాళం వేసి, అందుకు తగిన వాక్యూమ్ క్లీనరుతో పీల్చుటే సరైన పని.

డబ్బాపై ఐపీ 65 అని ఉంటే చాలుననుకొనుట మరొక పొరపాటు. ఆ అంకెలు ధూళి, నీరు లోనికి పోవని మాత్రమే చెబుతాయి, పైభాగం ఎంత వేడెక్కునో చెప్పవు. ధూళి మేఘం అంటుకొనే ఉష్ణోగ్రతలో మూడింట రెండు వంతులను, 5 మిల్లీమీటర్ల పొర రగిలే ఉష్ణోగ్రతకు 75 డిగ్రీలు తక్కువను లెక్కించి, రెంటిలో తక్కువైనదానిని ఉపరితలం దాటరాదన్నది నియమం. ఈ రెండు పరీక్షలూ జరిగిన పరికరంపైననే ‘ఎక్స్’ గుర్తు, గ్రూపు, ఉష్ణోగ్రత చెక్కి ఉంటాయి.

గనిలో తర్కమే వేరు. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య పేలుతుంది. 1.25 శాతం దాటినంతనే అక్కడి విద్యుత్ సరఫరా నిలపవలెనని నిబంధన. ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టె లోపల పేలుడు జరగదన్న హామీ ఏదీ లేదు. జరిగిన పేలుడును గోడలు తట్టుకొనును, వేడి వాయువులు ఫ్లాంజీల ఇరుకు సందులో చల్లబడి బయటికి వచ్చును. ఒక్క బోల్టు వదులైనా, ఫ్లాంజీపై గీత పడినా, ఎవరో కొత్త రంధ్రం తొలిచినా ఆ ఏర్పాటు చెల్లదు. అందుకే గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ ఆమోదం పొందిన పరికరాన్ని కూడా తరచుగా విప్పి పరీక్షిస్తారు. ఈ క్రమశిక్షణ ఆ జిల్లాలోనే ఉన్న మిల్లులకు చేరకపోవుట విచారకరం.

చిన్న మిల్లుకు అంత ఖరీదైన పెట్టె అవసరమా అన్న ప్రశ్న న్యాయమైనదే. చాలా సందర్భాల్లో అవసరం లేదు. ప్యానెల్‌ను దుమ్ము గది నుంచి తొలగించి, గోడ అవతల విడిగా గది కట్టి, గోడలో కేబుళ్లు దూరే రంధ్రాలను మంటకు తట్టుకొనే పదార్థంతో మూసివేస్తే, లోపల మిగిలేవి మోటారు, పుష్ బటను, లిమిట్ స్విచ్చి, దీపం మాత్రమే. ప్రమాణాలకు అనుగుణమైనవి ఆ నాలుగింటికి కొంటే చాలును. గది కట్టే ఖర్చు మిల్లు నక్షా దశలో స్వల్పం, యంత్రాలు బిగించిన తరువాత భారం. 2010 నాటి భద్రతా నిబంధనల స్థానంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో కొత్తవి తెచ్చింది. విద్యుత్ చట్టం, 2003లోని 162వ సెక్షను కింద నియమితుడైన ఇన్‌స్పెక్టరును నక్షా దశలోనే సంప్రదించుట మిల్లు యజమానికి మేలు.

పత్తి కొనుగోలు కేంద్రాలు తరచుగా జిన్నింగ్ మిల్లుల్లోనే ఉండును. భారత పత్తి సంస్థ 8 నుంచి 12 శాతం తేమ గల పత్తిని కొంటుంది కనుక రైతులకు ఆరబెట్టుట గురించి చెప్పేందుకు విస్తరణ శాస్త్రవేత్తలు సీజనులో అక్కడికి వెళ్తూనే ఉంటారు. మల్యాల కృషి విజ్ఞాన కేంద్రం వంటి చోట్ల శిక్షణకు వచ్చే విద్యార్థులకూ మిల్లు సందర్శన కొత్త కాదు. ఆ పూట ప్యానెల్ దుమ్ము గదిలో ఉన్నదా వెలుపల ఉన్నదా, వాడని రంధ్రాలకు మూతలున్నవా, పైభాగాన పేరుకున్న దూది ఎంత మందాన ఉన్నది, శుభ్రం చేయుటకు ఏ పరికరం వాడుచున్నారు అన్న నాలుగు విషయాలను తేమ అంకె పక్కనే రాసుకొనుటకు పది నిమిషాలు చాలును.