లేసిక్‌కి ముందు మీ కార్నియా లెక్క అడగండి

"అన్నా, నాకు మైనస్ 8 ఉంది. పెళ్లి చూపుల్లోపు లేసిక్ చేయించుకోవచ్చా?" ఈ టైపు ప్రశ్నలు చాలా వస్తున్నాయి. నేను డాక్టర్ని కాదు, ఇంజనీర్ని. అందుకే ఈరోజు లెక్క ఒకటి చూపిస్తా.

మన కంటి ముందుండే పారదర్శకమైన పొరే కార్నియా. మందం సగటున 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు పైన కొంచెం. లేసిక్‌లో ముందు దాని పైపొరని మూతలాగా కోసి పక్కకి లేపుతారు, దాన్ని ఫ్లాప్ అంటారు. దానికి సుమారు 110 మైక్రాన్లు పోతాయి. తర్వాత లేజర్ ఒక్కో పాయింట్‌కి దాదాపు 14 మైక్రాన్లు చెక్కేస్తుంది. అది మళ్లీ పెరగదు.

ఇప్పుడు మీ కార్నియా 490 అనుకోండి. నంబర్ మైనస్ 3 అయితే కింద 338 మిగులుతుంది, ఓకే. అదే మైనస్ 8 అయితే 268 మాత్రమే! కనీసం 250 ఉండాలంటారు, చాలా మంది డాక్టర్లు 300 ఉంటేనే ముందుకెళ్తారు. మరీ పల్చబడితే కార్నియా ముందుకి ఉబ్బిపోవచ్చు. దీని పేరు ఎక్టేషియా. అరుదే, కానీ వస్తే కళ్లద్దాలు పెట్టినా చూపు సరిగ్గా రాదు. మందం బాగానే ఉన్నా కెరటోకోనస్ దాగి ఉంటే ఇదే ప్రమాదం. అది టోపోగ్రఫీ స్కాన్‌లోనే బయటపడుతుంది.

ఎక్కువ మందికి వచ్చేది కళ్లు పొడిబారడం. ఫ్లాప్ కోసేటప్పుడు సన్నటి నరాలు తెగుతాయి కదా, అందుకు. చాలా మందికి కొన్ని నెలల్లో తగ్గుతుంది, కొందరికి ఉండిపోతుంది. రోజంతా ఫోన్ చూసేవాళ్లం రెప్పలు తక్కువ ఆర్పుతాం, ఇంకా ఇబ్బంది. రాత్రి బండి నడుపుతుంటే ఎదురొచ్చే లైట్ల చుట్టూ వలయాలు కూడా కనిపించొచ్చు.

సో, డిస్కౌంట్ ఎంత అని కాదు, ఇవి అడగండి: నా కార్నియా మందం ఎంత? ఎంత చెక్కుతారు, ఎంత మిగులుతుంది? టోపోగ్రఫీ నార్మల్‌గా ఉందా? ఏడాదిగా నంబర్ మారకుండా ఉందా, వయసు 18 దాటిందా చూసుకోండి. కాంటాక్ట్ లెన్స్ వాడేవాళ్లు స్కాన్‌కి ఎన్ని రోజుల ముందు ఆపాలో కనుక్కోండి, లేకపోతే కొలతలు తప్పు రావచ్చు.

ఇంకొకటి. అద్దాలు పోయినా కంటి పొడవు తగ్గదు, రెటీనా రిస్క్ అలాగే ఉంటుంది. మెరుపులు, ఒక్కసారిగా నల్ల చుక్కలు కనిపిస్తే ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.