ఇద్దరికీ ఒకే తెల్లవారుజాము

హైదరాబాద్ మారథాన్ ఏటా ఆగస్టు చివర్లో ఒక ఆదివారం జరుగుతుంది. కొత్తగా పరుగులోకి దిగినవాళ్లు నలభై రెండు కిలోమీటర్లకు సిద్ధపడాలంటే తక్కువలో తక్కువ నాలుగు నెలల సాధన కావాలి. ఆగస్టు నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ వస్తే మొదటి అడుగు పడాల్సింది ఏప్రిల్‌లో. బెజవాడలో ఏప్రిల్ ఎలా ఉంటుందో ఈ ఊరివాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ తర్వాత మే. ఆపైన రోళ్లు పగిలే రోహిణీ కార్తె. ఇదంతా తెలిసే మేమిద్దరం పేర్లు నమోదు చేయించుకున్నాం. జాగ్రత్తలన్నీ ఎండ గురించే తీసుకున్నాం. మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడ్డాక అసలు కష్టం మొదలైంది. జూన్‌లో కాలేజీలు తెరుస్తారు మరి.

మాది గవర్నర్‌పేట. ఆస్పత్రులు, స్కానింగ్ సెంటర్లు, మందుల షాపులు నిండిన వీధులు. రాత్రి పదకొండు దాటినా షాపుల లైట్లు ఆరవు, తెల్లారగట్ల నాలుగింటికల్లా పాల వ్యాన్ల చప్పుడు మొదలవుతుంది. మావారికి ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపు. షట్టర్ దించి, బందరు రోడ్డు ట్రాఫిక్ దాటుకుని ఇంటికొచ్చి కంచం ముందు కూర్చునేసరికి పదవుతుంది. నాది ఆఫీసు ఉద్యోగం. కిందటేడు ఆయన రక్తపరీక్షలో షుగరు గీత మీద ఉందని తేలింది. డాక్టరుగారు నడవమన్నారు, తోడుగా నేనూ బయల్దేరాను. సంక్రాంతి నాటికి ఆ నడక కాస్తా పరుగైంది. మేం నడిచే స్టేడియంలో పొద్దున్నే కనిపించే కుర్రాళ్లు, ‘‘ఆంటీ, హైదరాబాద్ రండి, ఫుల్ కొట్టేద్దాం’’ అన్నారు. ఇద్దరికీ నలభై దాటాయి. ఇద్దరం సరేనన్నాం.

మా దారి బందరు రోడ్డు మీదుగా రాఘవయ్య పార్కు, కంట్రోల్ రూమ్, బస్టాండు దాటి ప్రకాశం బ్యారేజీకి. 1957లో పూర్తయిన ఈ బ్యారేజీ పొడవు 1,223.5 మీటర్లు. మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. అంటే బ్యారేజీని ముప్పై నాలుగున్నర సార్లు దాటాలి. రైలు లెక్కలో అయితే బెజవాడ నుంచి గుడివాడకు దాదాపు అంత. మొదట్లో ఒక్కసారి దాటి సీతానగరం వైపు చేరేసరికే ఇద్దరికీ రొప్పు. నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. ఈ పద్ధతిని ప్రపంచమంతా వ్యాపింపజేసినవాడు 1972 ఒలింపిక్స్‌లో పరుగెత్తిన అమెరికన్ జెఫ్ గాలవే. మాబోటి కొత్తవాళ్లను కాపాడుతున్నది ఆయన పద్ధతే.

కొత్తవాళ్లకు ఇంకో నియమం చెబుతారు: పక్కనున్న మనిషితో ఆయాసం లేకుండా మాట్లాడగలిగితే అదే సరైన వేగం. వేగం కొలవడానికి పుట్టిన ఈ నియమం మా ఇంట్లో వేరే పని చేసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో మేం వరసగా గంటసేపు, ఫోన్ మోగకుండా మాట్లాడుకున్నది ఆ ఏప్రిల్‌లోనే. ఒక రోజు బ్యారేజీ మధ్యలో, కుడివైపు నిండుగా నీళ్లు, ఎడమవైపు ఇసుక మేటలు, ఆయన ఉన్నట్టుండి గుంటూరు పార్టీ బాకీ గురించి చెప్పారు. ఎంత రావాలో, ఎన్నాళ్లుగా తిప్పుతున్నారో, దానికోసం ఎక్కడ అప్పు తెచ్చారో. నాకు అప్పటిదాకా తెలియదు. ఎదురెదురుగా కూర్చుని ఉంటే చెప్పేవారు కాదేమో. ఇద్దరం ముందుకు చూస్తూ, ఒకే అడుగు వేస్తూ ఉంటే మాట దానంతటదే వచ్చింది. దంపతులు కలిసి పరుగెత్తితే ఏం లాభం అని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది ఇదే. బరువు, షుగరు ఆ తర్వాత.

ఎండ సంగతికి వద్దాం. మే నెల తెల్లవారుజామున బెజవాడలో ఎండ ఉండదు, ఉక్క ఉంటుంది. చెమట కారుతుంది కానీ ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. ఆరకపోతే గుండె చర్మం వైపు ఎక్కువ రక్తం తోలాల్సి వస్తుంది, కాళ్లకు చేరేది తగ్గుతుంది, మామూలు వేగానికే గుండె దడదడలాడుతుంది. చలిదేశాలవాళ్లు రాసిన ట్రైనింగ్ ప్లాన్లలో కిలోమీటరుకు ఇన్ని నిమిషాలని ఉంటుంది. ఆ అంకె పట్టుకుని మే నెలలో కృష్ణ ఒడ్డున పరుగెత్తితే ఆస్పత్రి పాలవుతారు. దూరం, వేగం పక్కనపెట్టి గడియారం చూసి ఇన్ని నిమిషాలు అని పరుగెత్తాం. పది పద్నాలుగు రోజుల్లో ఒళ్లు అలవాటు పడుతుంది. రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, చెమట ముందుగానే పట్టడం మొదలై అందులో ఉప్పు తగ్గుతుంది. ఉత్త నీళ్లే లీటర్లకు లీటర్లు తాగడం మంచిది కాదు, ఒంట్లో సోడియం పడిపోతుంది. అందుకే మా సీసాల్లో ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ ఉండేది. సెలవులు గనక మా అమ్మాయి ఎనిమిదింటిదాకా నిద్రలేచేది కాదు. ఆరున్నరకు ఇంటికొచ్చి ఇద్దరం నింపాదిగా కాఫీ తాగేవాళ్లం.

జూన్‌లో అమ్మాయి ఇంటర్లో చేరింది. ఈ ఊళ్లో ఇంటర్ అంటే ఏమిటో తల్లిదండ్రులకు తెలుసు. ఆరుంబావుకు వీధి చివరికి కాలేజీ బస్సు. అప్పటికి ఒక బాక్సులో టిఫిన్, ఇంకో బాక్సులో అన్నం, కూర, విడిగా పెరుగు సర్దాలి. వాతావరణం చల్లబడింది, ప్లాన్ ప్రకారం దూరాలు పెరగాల్సిన నెల. నాలుగున్నరకు ఆయన బూట్ల లేసులు బిగించుకుంటుంటే నేను కుక్కర్ పెడుతున్నాను. ఆయన పదహారు కిలోమీటర్లు పరుగెత్తి తిరిగొచ్చేసరికి బస్సు వెళ్లిపోయి ఉండేది, నేను గిన్నెలు సర్దుతూ ఉండేదాన్ని. ఫ్రిజ్ మీద అంటించిన చార్టులో ఆయన గళ్లన్నీ టిక్కులు, నా గళ్లు ఖాళీ.

‘‘సాయంత్రం వెళ్లొచ్చుగా’’ అన్నారు. సాయంత్రం ఏలూరు రోడ్డులో నడవడానికే చోటుండదు. ‘‘మీ ట్రైనింగ్‌లో నా పొద్దుటిపూట కూడా ఖర్చయిపోతోందండీ’’ అన్నాను. ఆ మాట ఆయనకు తగిలింది. ఆ వారమంతా ఇంట్లో అవసరానికి మించి మాటల్లేవు.

ఇది మా ఒక్క ఇంటి గొడవ కాదు. కేంద్రం 2019లో జరిపిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే వెచ్చించారు. మగవాళ్లలో ఇంటిపని ముట్టుకునేవాళ్లే సుమారు నలుగురిలో ఒకరు. వాళ్లు వెచ్చించింది 97 నిమిషాలు. ఆడవాళ్లకు దూరపు పరుగు పనికిరాదని పెద్దలు తీర్మానించిన కాలం ఒకటుంది. 1928 ఒలింపిక్స్‌లో 800 మీటర్ల పోటీ పెట్టి, ఆ వెంటనే తీసేసి, మళ్లీ 1960 దాకా పెట్టలేదు. మహిళల మారథాన్ 1984 లాస్ ఏంజెలిస్‌లో గానీ రాలేదు. ఆ తలుపు తెరుచుకుని నలభై ఏళ్లు దాటింది. వంటింటి తలుపు దగ్గర మాత్రం నాలాంటివాళ్లు ఇంకా ఆగిపోతున్నారు. నాకు కోపం వచ్చే విషయం ఇదే. జంటలుగా రండి అని పిలిచే రన్నింగ్ గ్రూపులు బూట్ల గురించి, నీళ్ల గురించి గంటలు గంటలు చెబుతాయి. పొద్దున నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా ఇంట్లో పని ఎవరిది అని మొదటి మీటింగులోనే అడిగితే ఎన్ని జంటలు మధ్యలో మానేయకుండా ఉంటాయో!

జూన్ చివర్లో ఆయన మోకాలి బయటి పక్కన నొప్పి మొదలైంది. పరుగు మొదలైన ఇరవై నిమిషాలకు సూది పోటులా వచ్చేది, మెట్లు దిగుతుంటే ఇంకా ఎక్కువ. మా పేటలో డాక్టర్ల బోర్డులకు కొదవ లేదు. మొదట చూపించుకున్నచోట కాలు కూడా ముట్టుకోకుండా ‘‘ఈ వయసులో పరుగులెందుకండీ’’ అని నొప్పి బిళ్లలు రాసిచ్చి పంపారు. తర్వాత ఒక ఫిజియోథెరపిస్టు ఆయన్ని ఒంటికాలి మీద నిలబెట్టి, కూర్చోబెట్టి, నడిపించి చూసింది. తొడ బయటి పక్కన తుంటి నుంచి మోకాలి కిందిదాకా సాగే పట్టీ ఉంటుంది, ఐటీ బ్యాండ్ అంటారు. తుంటి కండరాలు బలంగా లేనప్పుడు దూరం తొందరగా పెంచేస్తే మోకాలి దగ్గర దాని మీద ఒత్తిడి పడుతుంది. కాళ్లకు రబ్బరు బ్యాండు వేసుకుని పక్కలకు అడుగులు, పక్కకు పడుకుని కాలు ఎత్తడం, ఆరు వారాలు పరుగు బంద్. హైదరాబాద్ ఆశ ఆయనకు అక్కడితో పోయింది.

ఆ మర్నాడు నేను లేచేసరికి వంటింట్లో లైటు వెలుగుతోంది. ఆయన బియ్యం కడుగుతున్నారు. ‘‘నువ్వెళ్లు. బాక్సులు నేను కడతాను’’ అన్నారు. అమ్మాయి మొదటి వారం కూరల మీద తీర్పులు చెప్పింది. ‘‘నాన్నా, దొండకాయ సగం ఉడికింది.’’ రెండో వారానికి చెప్పడం మానేసింది, డబ్బా ఖాళీగా రావడం మొదలైంది. ఉయ్యూరు నుంచి మా అత్తగారు ఫోన్ చేసి ‘‘అబ్బాయి చేత వంట చేయిస్తున్నావా అమ్మాయ్?’’ అన్నారు. ఆయనే ఫోన్ తీసుకున్నారు. ‘‘రేపు తనకి ఇరవై ఎనిమిది కిలోమీటర్లుందమ్మా. నేను కాకపోతే ఎవరు చేస్తారు?’’

ఆ మాట వింటుంటే నాకు ఒక జంట గుర్తొచ్చింది. చెకొస్లొవేకియా పరుగు వీరుడు ఎమిల్ జాటొపెక్ 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో జీవితంలో మొట్టమొదటిసారి మారథాన్ పరుగెత్తి స్వర్ణం గెలిచాడు. అదే ఒలింపిక్స్‌లో ఆయన భార్య డానా జావెలిన్‌లో స్వర్ణం గెలిచింది. ఇద్దరూ పుట్టింది ఒకే రోజు, 1922 సెప్టెంబరు 19. బయట మంచు కురిసి పరుగుకు వీల్లేనప్పుడు ఎమిల్ స్నానాల తొట్టిలో తడి బట్టలు వేసి వాటి మీద నిలబడ్డచోటే పరుగెత్తేవాడని, ఉతుకుడూ సాధనా ఒక్కసారే అయిపోయేవని ఆయన గురించి చెప్పుకుంటారు. ఆయన పతకాలన్నిటికంటే నాకు ఆ తొట్టి కథే ఇష్టం.

పొద్దుటిపూట నాదైనా వేగం మాత్రం రాలేదు. మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నం ఆఫీసులో కళ్లు మూతలు. సాధన ఎక్కువైందేమో అనుకున్నాం. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.6. పన్నెండు ఉండాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి, మగవాళ్లలో 25 శాతం మందికి రక్తహీనత ఉంది. పైగా దూరపు పరుగు ఒంట్లోని ఇనుమును ఇంకాస్త తోడేస్తుంది. ఒకే ప్లాన్, ఒకే రోడ్డు, ఒకే ఇంటి తిండి. అయినా ఇద్దరి రక్తంలో ఇంత తేడా. ఐరన్ మాత్ర నిమ్మరసంతో వేసుకోమని, కాఫీ గంటన్నర తర్వాతే తాగమని డాక్టరమ్మ చెప్పింది. కొన్ని వారాల్లో కాళ్లకు ప్రాణం వచ్చింది. పరుగు మొదలుపెట్టే ప్రతి ఆడమనిషీ బూట్ల కంటే ముందు ఈ పరీక్ష చేయించుకోవాలని నా అభ్యర్థన.

ఆదివారం లాంగ్ రన్‌లు బ్యారేజీ దాటి ఉండవల్లి వైపు, అక్కడినుంచి కరకట్ట మీద. ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క అరటి తోటలు. చీకట్లో కుక్కల భయం గనక ఆయన స్కూటీ మీద వెనకాల వచ్చేవారు, ముందు బుట్టలో మజ్జిగ, చక్కెరకేళీలు, ఖర్జూరాలు. కరకట్ట బల్లపరుపు. హైదరాబాద్ దారేమో అన్నీ ఎక్కుడు దిగుళ్లు. అందుకే వారానికొకసారి గాంధీ కొండ ఎక్కేదాన్ని.

పోటీ ముందురోజు పులిహోర తిన్నాను. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న పిండిపదార్థం చాలామందికి ముప్పై కిలోమీటర్ల ప్రాంతంలో అడుగంటుతుంది. పోటీకి ముందు రెండు రోజులు దాన్ని నింపుకోవాలి. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి తిని పెరిగిన డెల్టా మనిషికి ఆ విషయంలో ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో చీకటి ఉండగానే బయల్దేరాను. గాలి చల్లగా ఉంది. బెజవాడ మే నెల ఉక్కకు అలవాటుపడ్డ ఒంటికి ఆ చల్లదనం ఎంత సాయమో మాటల్లో చెప్పలేను. ఫ్లైఓవర్లు వచ్చినప్పుడల్లా నడిచాను. మారథాన్ ఫలితాల మీద జరిగిన అధ్యయనాల్లో, రెండో సగంలో మగవాళ్ల వేగం ఆడవాళ్లకంటే ఎక్కువగా పడిపోతుందని తేలింది. మొదటి గంటలో నన్ను దాటి దూసుకెళ్లిన కుర్రాళ్లు కొందరు కేబుల్ బ్రిడ్జి దాటాక పిక్కలు పట్టుకుని పేవ్‌మెంట్ మీద కూర్చుని కనిపించారు.

గచ్చిబౌలి వైపు రోడ్డు పక్కన ఆయన అరటిపళ్ల సంచీతో నిలబడి ఉన్నారు. నాకు కాళ్లు రాళ్లయ్యాయి, ఏడుపు వస్తోంది. ‘‘ఇంక నా వల్ల కాదండీ’’ అన్నాను. ఆగమనలేదు, పరుగెత్తమనలేదు. పండు ఒలిచి చేతికిచ్చి, ‘‘ఇంకో ఏడు. బ్యారేజీ మూడుసార్లు వెళ్లొచ్చినంత’’ అన్నారు. ఆ లెక్క కాళ్లకు తెలిసిన లెక్క. పరుగు ముగిసే స్టేడియంలోకి నా కాళ్ల మీదే వెళ్లాను.

తిరుగు రైల్లో అడిగాను, మోకాలు నొప్పి రాకపోతే వంటింట్లోకి వచ్చేవారా అని. చాలాసేపు కిటికీలోంచి చూసి, ‘‘వచ్చేవాణ్ని కాదేమో’’ అన్నారు. ఆ నిజాయతీ నాకు మెడల్ కంటే ఎక్కువ అనిపించింది. కోపం కూడా వచ్చింది. రెండూ చెప్పాను.

ఇప్పుడు ఆయన మోకాలు కుదుటపడింది. విశాఖ బీచ్ రోడ్డులో జరిగే నేవీ మారథాన్‌కు ఆయన ఫుల్, నేను హాఫ్. ఫ్రిజ్ మీద కొత్త చార్టు అంటించాం. ఈసారి పరుగు పక్కనే వంట గడి కూడా ఉంది. మంగళ, గురువారాలు ఆయన రోడ్డు మీద, నేను పొయ్యి దగ్గర. బుధ, శుక్రవారాలు నావి. ఆదివారం ఎవరిదన్నది మాత్రం ఇంకా తేలలేదు. అమ్మాయికి ఆ రోజు వీక్లీ టెస్టు, ఏడింటికల్లా బాక్సు కావాలి.